గంధకపు నీళ్ళలో మంగళవారం

"చచ్చినా మాననంటోంది," అన్నాడు కర్నల్ వెండెల్.

"మానకపోతే చస్తుందని చెప్పారా?" అడిగింది ఎమోకె.

"చెప్పాను. చావు సంగతి సాయంత్రం చూసుకుందాం, మధ్యాహ్నం స్నానం ఉందంది."

ఎమోకె నవ్వు ఆపుకుంది. బుడాపెస్ట్ గూఢచర్య నిరోధక విభాగంలో కర్నల్ ముందు నవ్వినవాళ్ళు తరువాత సరిహద్దు చెక్‌పోస్టుల్లో లారీలు లెక్కపెట్టుకుంటూ బతికారు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. కమ్యూనిస్టుల కాలపు సరిహద్దు కంచె తెగి మూడేళ్ళయింది. తెరిచిన తలుపులోంచి గాలితో పాటు దొంగలూ దూరారు. సైన్యం రాడార్ రహస్యాలు కొంటున్న ఒక విదేశీ ముఠా వెంట పడ్డాడని కెప్టెన్ బార్నబాష్‌ను పోయిన నెల ట్రామ్ స్టాపులో కాల్చి చంపారు. ఎమోకెకు పని నేర్పింది ఆయనే. ముఠా నాయకుడెవరో ఎవరికీ తెలియదు. వాడు ఆజ్ఞలన్నీ టెలిఫోన్‌లోనే ఇస్తాడు. ఆ గొంతు విన్న బయటి మనిషి ఈ దేశం మొత్తానికి ఒక్కతే ఉంది. నది ఒడ్డు హోటల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ చూసుకునే షరొల్తా అనే ముసలావిడ. ఒక సాయంత్రం లైన్లు కలిసిపోయి, "ట్రామ్ దిగగానే కాల్చెయ్" అన్న మాట ఆవిడ చెవిన పడింది.

"హాల్డెన్ అనే విదేశీ వ్యాపారి మీద నా అనుమానం. వాణ్ణి కింది అంతస్తులో కూర్చోబెట్టాను," అన్నాడు కర్నల్. "సాయంత్రం దాకే నాకు అధికారం. ఆవిడ గొంతు గుర్తుపడితే అరెస్టు. లేదంటే విమానమెక్కి చక్కా పోతాడు."

"ఆవిణ్ణి ఇప్పుడే ఎత్తుకొచ్చేస్తే?"

"ఇద్దర్ని పంపాను. తువ్వాలు సంచీతో బాదింది. బలవంతం చేస్తే ఏ గొంతూ గుర్తులేదని చెబుతుందట. ఆపైన ఇంకో తలనొప్పి. లివియా కబురు పంపింది."

లివియా ముఠా లోపల ఉన్న మన మనిషి. అటు జీతం, ఇటు జీతం. నాయకుడి గొంతు మాత్రం తానూ వినలేదంటుంది. పట్టు స్కార్ఫు, పిల్లికళ్ళు, ఏ గదిలో అడుగుపెట్టినా మగవాళ్ళు టై సరిచేసుకునే అందం.

"ముఠా ఒక ఆడమనిషిని పంపుతోంది, ముసలావిడ వారం వారం వెళ్ళే బగోయ్ స్నానశాలకే. మంగళవారం ఆడవాళ్ళ రోజు, నా గార్డులు గుమ్మం దాటలేరు. చంపడానికొచ్చిన మనిషిని లివియా నీకు చూపిస్తుంది. నువ్వు పట్టుకో."

"లివియాను నమ్మొచ్చా?"

"రెండేళ్ళుగా నమ్ముతున్నాం. ఇక్కడి పిల్లే. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఆ బగోయ్ నీళ్ళలోనే పెరిగానంటుంది."

టెక్నికల్ విభాగం వాళ్ళు ఎమోకెకు వేషం కట్టారు. కీళ్ళవాతంతో కుంటే పల్లెటూరి టీచరమ్మ. చేతికర్రలో పిస్తోలు. తలకు పెట్టుకునే రబ్బరు టోపీలో రేడియో. నీళ్ళు తగిలినా ఏమీ కాదని ఇంజినీరు ఒట్టేసి చెప్పాడు.

* * *

షరొల్తా ఇంటి మెట్లు దిగుతూ కనబడింది. పొట్టి మనిషి, ఊలు కోటు, భుజాన తువ్వాలు సంచీ. బగోయ్‌కి వచ్చే ఆడవాళ్ళందరికీ ఆవిడ పెద్దమ్మ.

"నువ్వేనా నాకు కాపలా?" ఎమోకెను ఎగాదిగా చూసింది. "కుంటు బాగానే కుంటుతున్నావ్ గానీ, ఇందాక ఎడం కాలు కదే?"

ఎమోకె కాలు మార్చుకుంది. "పెద్దమ్మా, ఒక్క వారం ఆగకూడదా? ఈరోజు నిజంగానే చంపడానికి వస్తున్నారు."

"చూడు పిల్లా." ముసలావిడ పేవ్‌మెంటు మధ్యలో ఆగిపోయింది. "నా పదహారో ఏట నుంచి మంగళవారం మంగళవారం ఆ నీళ్ళలో దిగుతున్నాను. జర్మన్ల కాలంలో వెళ్ళాను. రష్యా ట్యాంకులు వంతెనకి అడ్డంగా నిలబడితే, సైనికుడికి తువ్వాలు చూపించి మరీ వెళ్ళాను. మా ఆయన్ని పూడ్చిపెట్టిన మర్నాడు మంగళవారమే. వెళ్ళి, ఆ నీళ్ళలోనే ఏడ్చాను. ఇప్పుడు టెలిఫోన్ వెనకాల నక్కిన వెధవ ఎవడో వద్దంటే మానెయ్యాలా? భయపడి స్నానం మానేశాననుకో, వాడు నన్ను సగం చంపేసినట్టే. మిగతా సగంతో నేనేం చేసుకోను?"

బార్నబాష్ చనిపోయిన రోజు నుంచి తను ట్రామ్ ఎక్కడం మానేసిన సంగతి ఎమోకెకు గుర్తొచ్చింది. సిగ్గేసింది. తాటాకు చప్పుళ్ళకు బెదరని మనిషి పక్కన నడుస్తున్నానని తెలిసి, కాస్త ధైర్యమూ కలిగింది.

"పదండి," అంది. "ట్రామ్‌లోనే పోదాం."

* * *

బగోయ్ గుమ్మంలోనే టెక్నికల్ విభాగం పరువు పోయింది. తలుపు దగ్గరి ఆవిడ చేతికర్ర లాక్కుని మూలకు పెట్టేసింది. "కర్రలు లోపలికి తేకూడదమ్మా, పట్టుకోవడానికి గోడలున్నాయి." రబ్బరు టోపీలోని రేడియో ఆవిరి తగలగానే రెండుసార్లు దగ్గి ఊరుకుంది. చివరికి ఎమోకె దగ్గర మిగిలింది అందరికీ ఇచ్చేదే. నడుముకు కట్టుకునే తెల్ల ఏప్రాను, దాని తాడుకు ముడేసిన ఇత్తడి నంబరు బిళ్ళ. ఆ ఏప్రాను ముందువైపే కప్పుతుంది. వెనక భాగం దేవుడి దయ.

టర్కీ సుల్తానుల కాలపు పాత గుమ్మటం కింద ఎనిమిది మూలల కొలను. గుమ్మటంలోని రంగు అద్దాల్లోంచి పగటి వెలుగు చారలు చారలుగా పడుతోంది. గంధకపు వాసన, ఆవిరి, మెడదాకా మునిగి కోడళ్ళను తిట్టుకుంటున్న ఆడవాళ్ళు. పెద్దమ్మ ఒళ్ళు రుద్దుకుని, సింహం తలలోంచి నీళ్ళు పడే మూలకు వెళ్ళి కూర్చుంది. అక్కడున్న ఇద్దరు జరిగి చోటిచ్చారు.

పక్కనుంచి మెత్తటి గొంతు వినిపించింది. "ఈరోజు నీళ్ళలో గంధకం ఎక్కువైంది."

కోడ్ వాక్యం. "ఎక్కువైతేనే కీళ్ళకు మంచిది," అంది ఎమోకె.

లివియా నవ్వింది. మేకప్ లేకపోయినా, నెత్తిమీద జుట్టు ముడేసుకున్నా, ఆ అందం ఎక్కడికీ పోలేదు. పెదవులు కదపకుండా చెప్పింది. "అదిగో, ఎర్రజుట్టు, పొడుగు మనిషి. ఆవిరి గదిలోకి పోతోంది చూడు. అదే. జుట్టులో సూది పెట్టుకుంది. వదలకు."

ఎమోకె ఎర్రజుట్టు వెనకే ఆవిరి గదిలోకి వెళ్ళింది. లోపల రాతి అరుగులు కాలి పొగలు కక్కుతున్నాయి. ఎర్రజుట్టావిడ చూపు కూడా వాల్చకుండా ఏప్రాను ముడిని సర్రున పొట్టమీదికి జరిపింది. గుడ్డ గిర్రున వెనక్కి తిరిగింది. దాన్ని కింద వేసుకుని కూర్చుని "హమ్మయ్య" అంది. బగోయ్‌లో అందరూ చేసేది అదే. సిగ్గు సంగతి తరువాత, ముందు పిర్రలు కాలకుండా చూసుకోవాలి.

వెనకే లివియా వచ్చింది, తోడుగా ఉందామన్నట్టు. ఏప్రాను ముందుకే ఉంది. ఉన్నదున్నట్టు అరుగు మీద కూర్చుంది.

మరుక్షణం కెవ్వుమని లేచి నిలబడింది.

ఎర్రజుట్టావిడ పగలబడి నవ్వింది. "మొదటిసారా తల్లీ? ఏప్రాను వెనక్కి తిప్పుకోవాలి. ఈ రాయికి కొత్తా పాతా తెలీదు!"

"కాలు జారింది," అంది లివియా మొహం ఎర్రగా చేసుకుని. ఎమోకె చెవిలో, "నువ్వు దీన్ని కనిపెట్టుకో. నేను ముసలావిడ దగ్గర ఉంటాను," అని బయటికి వెళ్ళిపోయింది.

ఎమోకె తన ఏప్రానూ వెనక్కి తిప్పుకుని, ఎర్రజుట్టు వంకే చూస్తూ కూర్చుంది. జుట్టులో సూది కోసం వెతికింది. జుట్టుకు క్లిప్పు కూడా లేదు. ఆ మనిషి కళ్ళు మూసుకుని, "శనివారం చేపల పులుసుకి మిరపపొడి కొనాలి" అని తనలో తనే అనుకుంటోంది. హత్య చేయబోయే మనిషికి శనివారం పులుసు మీద అంత శ్రద్ధ ఉంటుందా?

అప్పుడు ఎమోకెకు తట్టింది. అమ్మమ్మ ఒళ్ళో, ఈ నీళ్ళలో పెరిగిన పిల్లకు నడక రాకముందే ఏప్రాను తిప్పడం వస్తుంది. యాస నేర్పొచ్చు, పాస్‌పోర్టు పుట్టించొచ్చు, అమ్మమ్మను కూడా పుట్టించొచ్చు. ఇది మాత్రం కాలితే తప్ప రాదు. లివియా ఈ ఊరి పిల్ల కాదు. ఈ గుమ్మటం కింద అడుగుపెట్టడం ఆమెకు ఇదే మొదలు. రెండేళ్ళుగా చెప్పిందంతా కట్టుకథే. తనను ఈ గదిలో కట్టిపడేయడానికే ఎర్రజుట్టును చూపించింది.

ఎమోకె కుంటడం మరిచి పరుగెత్తింది.

కొలను మూలన లివియా పెద్దమ్మ పక్కనే కూర్చుని, భుజం చుట్టూ ఒక చెయ్యి వేసి ఏదో ముచ్చటగా చెబుతోంది. రెండో చెయ్యి నీళ్ళ అడుగున నడుము దగ్గర ఉంది. ఆ చేతిలో, స్నానశాల బిళ్ళలాగే చేయించిన నకిలీ ఇత్తడి బిళ్ళ అంచు విచ్చుకుని, లోపల సన్నటి సూది మెరిసింది. పెద్దమ్మ తొడకు అది జానెడు దూరంలో ఉంది.

మెట్ల దాకా పోయే వ్యవధి లేదు. ఎమోకె గట్టు మీదినుంచే దూకింది. కొలను నిండా కేకలు లేచాయి. నీళ్ళలోంచి చెయ్యి చాచి, దొరికిన తాడునల్లా పట్టుకుని శక్తికొద్దీ గుంజింది. ముడి తెగింది. ఏప్రాను, దాని తాడు, ఆ తాడుకున్న బిళ్ళ, ఆ బిళ్ళలోని విషపు సూది, అన్నీ కలిసి ఎమోకె గుప్పిట్లోకి వచ్చేశాయి. లివియా చేతిలో ఉత్త నీళ్ళు మిగిలాయి.

అబద్ధం ఆడడానికి కూడా లివియా ఆగలేదు. ఒంటి మీద నూలుపోగు లేకుండా గట్టెక్కి తలుపు వైపు దౌడు తీసింది.

"హంతకురాలు! పెద్దమ్మను పొడవబోయింది!" అరిచింది ఎమోకె.

కొలనులోని ఆడవాళ్ళు లేచారు. ఆవిరి గదిలోంచి ఎర్రజుట్టావిడ వచ్చింది. నడుముకు చిన్న గుడ్డ తప్ప ఏమీ లేని ఆడవాళ్ళు, వాచిన మోకాళ్ళవాళ్ళు, వంగిన నడుములవాళ్ళు, తలుపుకు అడ్డంగా వరస కట్టి నిలబడ్డారు. లివియాకు పిడిగుద్దులు వచ్చు, మెడలు విరవడం వచ్చు. కానీ ముందుకు ఒక్కడుగు వేసి, ఆ మొహాల్లో ఒక్కటీ పక్కకు జరగదని చూసి ఆగిపోయింది. ఎర్రజుట్టావిడ భుజం ఆనించి ఒక్క తోపు తోసింది. తలుపు పక్కన చన్నీళ్ళ తొట్టి నోరు తెరుచుకునే ఉంది. లివియా అందులో దబ్బున పడింది.

పెద్దమ్మ మెడదాకా నీళ్ళలో కూర్చునే అంతా చూసింది. ఆవిడ పెదవులు వణకడం ఎమోకె ఒక్కతే గమనించింది. గొంతు మాత్రం వణకలేదు.

"నన్ను చంపడానికొచ్చి, ఒళ్ళు కూడా రుద్దుకోకుండానే నీళ్ళలో దిగిందా!" అంది. "ఎవరే దాన్ని పెంచింది?"

"ఇక పోదాం పెద్దమ్మా."

"ఎందుకు పోవాలి? నా స్నానం సగంలో ఉంది."

లివియాను గుమ్మం బయటి గార్డులకు అప్పగించి, స్నానం పూర్తయ్యేదాకా ఎమోకె పక్కనే కాపలా కూర్చుంది.

* * *

హాల్డెన్ మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. అటూ ఇటూ లాయర్లు. బల్ల మీద డాక్టరు సర్టిఫికెట్టు. గొంతు పూర్తిగా పోయింది, వారం దాకా మాట్లాడకూడదు. అడిగిన ప్రతిదానికీ కాగితం మీద జవాబు రాస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది. తలకు తువ్వాలు చుట్టుకుని, ఉడికిన బీట్‌రూట్ రంగులో పెద్దమ్మ లోపలికి వచ్చింది. హాల్డెన్ మొహం మీది చిరునవ్వు అక్కడే గడ్డకట్టింది.

"మాట్లాడు నాయనా," అంది ఆవిడ ఎదురుగా కూర్చుంటూ.

హాల్డెన్ మఫ్లరు చూపించాడు.

"రోగిని బలవంతపెట్టే చట్టం లేదు," అన్నాడు ఒక లాయరు.

కర్నల్ కిటికీ వైపు చూశాడు. నది మీద వెలుగు తగ్గుతోంది. ఇంత చేసి, ఒక గుడ్డముక్క అడ్డం పెట్టుకుని వీడు వెళ్ళిపోతాడా అనుకుంది ఎమోకె. బార్నబాష్‌కు తను చెప్పుకునే జవాబు ఇదేనా?

"పోనీలే, నువ్వు మాట్లాడకు. నేనే మాట్లాడతా," అంది పెద్దమ్మ తీరుబడిగా. "నువ్వు పంపిన పిల్ల ఉందే, చక్కని చుక్క. పాపం, పక్కగదిలో దుప్పటి కప్పుకుని వణుకుతోంది. వణుకుతూనే మీ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతోంది. నీ గురించీ చెప్పింది."

హాల్డెన్ చేతిలో పెన్ను ఆగింది. నిజానికి లివియా అప్పటిదాకా ముక్కు చీదడం తప్ప నోరు విప్పలేదు.

"ఏమందో తెలుసా? 'వాడా! టెలిఫోన్‌లో పులి, ఎదురుపడితే పిల్లి. ఇన్నేళ్ళూ ఆ పిరికి సన్నాసి పనులన్నీ నేనే చేసిపెట్టాను' అంది. మేమందరం తెగ నవ్వుకున్నాం."

"అబద్ధం!" హాల్డెన్ బల్ల గుద్ది లేచాడు. "లివియా ఆ మాట అనదు!"

లివియా పేరు అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. లాయర్లిద్దరూ ఒకేసారి తమ ఫైళ్ళు మూసేశారు.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని, చెవి దగ్గర అరచెయ్యి ఉంచుకుని, ఆ గొంతు ఆఖరి దాకా విన్నది. "వీడే," అంది. "ట్రామ్ దిగగానే కాల్చమన్నది వీడే."

కర్నల్ తలూపాడు. బేడీలు ఎమోకె వేసింది. ఆ గొంతు మళ్ళీ లేవలేదు.

"ఇక నాకెవరైనా కాస్త వేడి సూపు పెట్టండి," అంది పెద్దమ్మ. "దేశాన్ని కాపాడడానికి ఇంతమంది ఉన్నారు గానీ, స్నానం చేసొచ్చిన మనిషికి ఆకలేస్తుందని మీలో ఒక్కరికీ తట్టలేదు!"