రెండో ప్రాసెసర్ మీద పిల్లి

రంజాన్ నెలకి ఇంకా నలభై రోజులుంది. బాబ్ అల్లూక్ సందులో, మా మామూలు టీ కొట్లో, షాజ్లీ సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని వెనక కంప్యూటర్ బొమ్మ గీస్తున్నాడు. బొమ్మ కంప్యూటర్‌లాగా లేదు. ఇటో గది, అటో గది, మధ్యలో బాణాలు. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటున్నట్టుంది.

"రెండు ప్రాసెసర్లు," అన్నాడు.

ఒకటి చాలన్నాను. కొత్తది, వేగంగా పరిగెత్తేది. వాడు ఒప్పుకోలేదు. ఎక్కడో యూరప్‌లో ఆఫీసులు పారేసిన పెద్ద కంప్యూటర్లని ఓడలకెత్తి మా కైరో తెస్తారు. వాటిలోంచి ఊడదీసిన ప్రాసెసర్లని బుస్తాన్ బజారులో కోడిగుడ్ల అట్టల్లో పేర్చి అమ్ముతారు. అలాంటివి రెండు, ఒకే బోర్డు మీద కలిసి పనిచేసినవి, జోడీగా తెద్దామంటాడు. వీడియో పనికి తలలెన్నుంటే అంత మంచిదట.

మా ఇద్దరికీ అది ప్రాణం మీదికొచ్చిన వ్యవహారమే. ముప్ఫై ఎపిసోడ్ల రంజాన్ సీరియల్ ఎడిటింగ్ మా చేతికొచ్చింది. సగం షూటింగ్ రంజాన్‌లోనే జరుగుతుంది. అంటే ఇఫ్తార్ అయ్యాక జనం చూసే ఎపిసోడ్‌ని ఆ రోజే కత్తిరించి, అతికించి, పంపాలి. మా పాత కంప్యూటర్ ఒక్క ఎపిసోడ్ తయారుచెయ్యడానికి ఐదు గంటలు మూలుగుతుంది. నిర్మాత మదామ్ ఇంగీ ముందే చెప్పింది, ఒక్క రోజు ఆలస్యమైతే మిగతావి వేరేవాళ్ళకి పోతాయని, టైటిల్స్‌లోంచి మా పేర్లు కూడా పోతాయని.

షాజ్లీ అట్ట నా వైపు తిప్పి పాఠం మొదలుపెట్టాడు. ప్రతి ప్రాసెసర్‌కి దాని మెమరీ దానికుంటుందట. ఇటు ఆరు కర్రలు, అటు ఆరు. ఒకదానికి పెట్టి రెండోదాన్ని పస్తుంచితే మిషను మొత్తం కుంటుతుందట.

"మీ అమ్మ ఈ లెక్క మర్చిపోయినట్టుంది. నీ వాటా కూడా మీ అన్నే తిన్నాడు," అన్నాను.

షాజ్లీ కవలల్లో ఒకడు. ఇక్కడ ఎముకల గూడులా ఉంటాడు. కినా జిల్లాలో, చెరకు తోటల్లో ఉండే కవల అన్న కినావీ మాత్రం తలుపంత మనిషి. మామూలుగా ఈ మాటకి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. టీ గ్లాసు పక్కకి జరిపి, గొంతు తగ్గించి చెప్పాడు. కవలలు ఆకలి కడుపుతో నిద్రపోతే వాళ్ళ ప్రాణం పిల్లి రూపంలో బయటికెళుతుందని వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసట. పుట్టగానే ఒంటె పాలు పడితే ఆ గొడవుండదు. వీళ్ళకి ఆ ఏడు దొరకలేదట. పిల్లిని కొడితే దెబ్బ మనిషికి తేలుతుంది. పిల్లిని బంధిస్తే... మనిషి లేవడు.

"రంజాన్‌లో మధ్యాహ్నాలు నేను పడుకుంటాను కదా. గదిలోకి పిల్లి వస్తే దాన్ని ముట్టుకోకు హాతిమ్. అది పోయే దారి మూయకు."

నేను గుండె మీద చెయ్యి వేసుకుని, వీలైనంత గంభీరంగా ప్రమాణం చేశాను. ఆ తర్వాత నెల రోజులు వాడు ఆవలించినప్పుడల్లా "మ్యావ్" అన్నాను.

మిషను తయారైంది. ఇద్దరం కలిసి మోస్తే గాని కదలని నల్ల క్యాబినెట్. ముందు నుంచి గాలి లోపలికొచ్చి, రెండు ప్రాసెసర్ల మీదుగా సాగి, వెనక నుంచి బయటికి పోతుంది. మూత వేసి ఉంటేనే ఆ దారి దారిలా ఉంటుంది. మూత తీస్తే గాలి చెదిరిపోయి వెనకున్న రెండోది వేడెక్కుతుంది. కాబట్టి పని నడుస్తున్నప్పుడు మూత తియ్యొద్దని షాజ్లీ నాకు చెప్పాడు. ఒకసారి కాదు, ఏడుసార్లు చెప్పాడు.

ఐదు గంటల పని గంటన్నరకి దిగింది. పద్దెనిమిది రోజులు మదామ్ ఇంగీకి తిట్టడానికి ఏమీ దొరకలేదు. పాపం, గొంతు పాడైపోయి ఉంటుంది.

పంతొమ్మిదో రోజు పొద్దుటినుంచి ఎడారి మీంచి ఖమ్సీన్ గాలి. కిటికీ అవతల ఆకాశం పసుపు రంగుకి తిరిగింది. మా తొమ్మిదో అంతస్తు గదిలో కిటికీలన్నీ బిగించినా పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతోంది. ఆ రోజు షూటింగ్ ఆలస్యమై సీన్లు మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజుకి ముందు గాని చేరలేదు. షాజ్లీ కత్తిరించి, ఎపిసోడ్ తయారుచేసే రెండర్ మొదలుపెట్టి, సోఫా మీద పడ్డాడు. తెల్లవారుజామున తినే సహూర్‌కి కూడా లేవలేదు వాడు. నిన్న రాత్రినుంచి కడుపులో ఏమీ లేదు. పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకి ముందు లేపమని చెప్పి, మాట పూర్తికాకుండానే నిద్రపోయాడు.

ఇరవై శాతం దగ్గర రెండో ప్రాసెసర్ వేడెక్కడం మొదలైంది. ఎనభై రెండు డిగ్రీలు, ఎనభై ఆరు... దుమ్ము జల్లెడకి అడ్డం పడి ఉంటుందనుకున్నాను. ఏడుసార్లు విన్న మాట పక్కన పెట్టి మూత తీశాను. బ్రష్షుతో జల్లెడ దులిపాను. అప్పుడే మదామ్ ఇంగీ ఫోన్ చేసింది. షాజ్లీ లేస్తాడని వరండాలోకి వెళ్ళి మాట్లాడాను. మాట్లాడానంటే, విన్నాను. ఉపవాసం విడిచే మగ్రిబ్ ఫిరంగి మోగేలోపు ఎపిసోడ్ ఛానల్‌కి చేరకపోతే ఇరవయ్యోది ఇంకొకరు చేస్తారని, మా ఇద్దర్నీ నమ్మినందుకు తనని తనే చెప్పుతో కొట్టుకోవాలని అంది. ఆ చెప్పు పనిలో నేను సాయం చేస్తానన్నాను, మనసులోనే.

గదిలోకి తిరిగొచ్చేసరికి క్యాబినెట్‌లో పిల్లి ఉంది.

వరండాకి వెళ్తూ తలుపు దగ్గరగా వేశానే గాని గడియ పెట్టలేదు. అలా వచ్చి ఉంటుంది. రెండో ప్రాసెసర్ మీదుండే వేడి లాగే లోహపు రేకుల మీద, వెచ్చగా, చుట్ట చుట్టుకుని పడుకుంది. మా కైరో పిల్లులు బక్కగా, సిగ్గులేకుండా ఉంటాయి. ఇది అలా లేదు. దుమ్ము రంగు, బలిసిన మెడ, చీలిన ఎడమ చెవి. కళ్ళు తెరిచి నన్ను చూసింది. బెదరలేదు. నాతో దానికి పాత పగేదో ఉన్నట్టు చూసింది.

చెయ్యి పెట్టాను. మణికట్టు దగ్గర చీరేసింది. గట్టిగా లాగితే దాని కాలు తగిలి ఒక్క మెమరీ కర్ర కదిలినా రెండర్ మొత్తం పోతుంది. తొంభై ఒక్క డిగ్రీలు. మూత వేస్తే తప్ప వేడి దిగదు. మగ్రిబ్‌కి గంటా పది నిమిషాలుంది.

ప్రమాణం గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. కైరోలో పుట్టి పెరిగినవాణ్ణి, పిల్లి కథలకి ఎపిసోడ్ పోగొట్టుకుంటానా అని కూడా అనుకున్నాను. "గంటే కదా. ఇఫ్తార్‌కి నువ్వూ మాతోనే తిందువుగాని," అని దానితో అని, మూత వేసి, రెండు స్క్రూలూ బిగించాను.

వేడి దిగింది. ఎనభై. డెబ్భై. అరవై రెండు.

సోఫా దగ్గరికెళ్ళి షాజ్లీ మొహంలోకి వంగి చూశాను. ఊపిరి ఆడుతోంది. ధైర్యం కోసం నెమ్మదిగా "మ్యావ్" అన్నాను. క్యాబినెట్‌లోంచి జవాబు రాలేదు. చప్పుడే లేదు. అది నాకు నచ్చలేదు.

బయట సందడి సన్నగిల్లింది. ఆ వేళకి మా ఊరు ఎలా ఉంటుందో తెలుసు కదా. కార్లన్నీ ఇళ్ళకి పరిగెడతాయి. కింది అంతస్తుల్లోంచి వెల్లుల్లి వేయించే వాసన పైకొస్తుంది. తర్వాత ఒక్కసారిగా వీధి ఖాళీ. ఆ ఖాళీలో ఫ్యాన్ల హోరు మారడం విన్నాను. ఇంతసేపూ ఒకే మూలుగు. ఇప్పుడు ఆగి, సాగి, ఆగి... ఎవరో బరువైన మనిషి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. వెల్లుల్లి వాసన పోయింది. దాని చోట ఇంకేదో వాసన. చెరకు రసం మాడుతున్న వాసన. తొమ్మిదో అంతస్తులో, కైరో నడిబొడ్డున.

మూత లోపలి నుంచి చప్పుడు. గోళ్ళ చప్పుడు కాదు. అరచేత్తో తలుపు తడుముతున్నట్టు... నెమ్మదిగా... పైనుంచి కిందికి.

"షాజ్లీ."

కదల్లేదు.

భుజం పట్టి ఊపాను. తల ఒక పక్కకి వాలింది. చేతులు చల్లగా ఉన్నాయి. తెర మీద తొంభై మూడు శాతం. స్క్రూడ్రైవర్ బల్ల మీదే ఉంది. రెండు స్క్రూలు. అర నిమిషం పని. నేను స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. తెర వైపు చూశాను. తొంభై నాలుగు.

ఆగాను.

ఇదొక్కటీ ఎవరికీ చెప్పలేదు. ఇంకో నాలుగు నిమిషాలే కదా అనుకుని ఆగాను. వాడి మొహం చూడకుండా అంకెలు చూస్తూ నిలబడ్డాను. తొంభై ఐదు... తొంభై ఆరు...

"ఏంట్రా, దెయ్యం పట్టినట్టు నిలబడ్డావ్?"

షాజ్లీ లేచి కూర్చుని కళ్ళు నులుముకుంటున్నాడు. మామూలుగా, చిరాగ్గా. నేల మీద కూర్చుని నవ్వాను. ఏడ్చాను కూడానేమో. వాడికేం అర్థం కాలేదు. రెండర్ పూర్తయింది, పంపేశాం, ఛానల్ వాళ్ళు అందిందన్నారు, ఫిరంగి మోగింది. పిల్లి సంగతి నాకు గుర్తే లేదు. ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగాక గుర్తొచ్చింది.

వాడు బాగానే ఉన్నాడు కదా. అందుకే వేళాకోళంగానే చెప్పాను. నీ ప్రాణాన్ని గంటసేపు పెట్టెలో పెట్టాను, అయినా నీకు తెలివి రాలేదన్నాను.

షాజ్లీ చేతిలో ఖర్జూరం అలాగే ఆగింది. ఏ రంగని అడిగాడు. దుమ్ము రంగన్నాను.

"చెవి?" అన్నాడు, వినీ వినబడకుండా.

"ఎడమది చీలి ఉంది."

ఖర్జూరం పళ్ళెంలో పెట్టేశాడు. చిన్నప్పుడు గాడిద కరిస్తే కినావీ ఎడమ చెవి చీలిందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేను వాళ్ళన్నని చూసింది ఫొటోలో, తలపాగాతో.

ఫోన్ మోగింది. కినా నుంచి, వాళ్ళమ్మ. కినావీ ఉపవాసంతో అసర్ తర్వాత చెరకు తోటలో నడుం వాల్చాడట. ఇఫ్తార్‌కి లేపితే లేవడం లేదట.

స్క్రూలు ఎవరు తీశారో నాకు జ్ఞాపకం లేదు. మూత ఊడి నేల మీద పడింది. లోపల పిల్లి లేదు. వెంట్రుక కూడా లేదు. నా మణికట్టు నుంచి మాత్రం రక్తం కారుతూనే ఉంది. తెర మీద, పని ఏదీ లేని ఆ మిషనులో, మొదటి ప్రాసెసర్ సున్నా దగ్గరుంది. రెండోది నూటికి నూరు.

ఆ పూట నుంచి షాజ్లీ మిషను ఆపనివ్వలేదు. రెండోదాంట్లో ఏం నడుస్తోందో ఎంత వెతికినా దొరకలేదు. పేరు లేదు, పని లేదు. మూత తీసే ఉంచాడు. గిన్నెలో పాలు పోసి ముందు పెట్టాడు. రెండో ప్రాసెసర్ తొంభై ఐదు డిగ్రీల దగ్గర కాగుతుంటే పక్కన కూర్చుని అట్టతో విసిరాడు. తర్వాతి ఎపిసోడ్లు మొదటి ప్రాసెసర్ ఒక్కదాని మీదే, కుంటుతూ నడిపాం. నేను దగ్గరికెళ్తే "నీ చెయ్యి దాని మీద పడితే విరిచేస్తా," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. కినా ఆసుపత్రిలో డాక్టర్లు ఊపిరి బాగుంది, గుండె బాగుంది, నిద్రపోతున్నాడంతే అని ఇంటికి పంపేశారట. పిల్లి గురించి, మిషను గురించి వాళ్ళమ్మకి షాజ్లీ చెప్పలేదు. నేనూ ఎవరితోనూ అనలేదు. ఏ నోటితో అంటాను?

ఇరవై రెండో రోజు, మగ్రిబ్‌కి పావుగంట ముందు ఫోన్ వచ్చింది.

వాళ్ళమ్మ ఏడుస్తోందా నవ్వుతోందా తెలియలేదు. కినావీ లేచాడు. మూడు రొట్టెలు తిన్నాడు. ఇంకా పెట్టమంటున్నాడు. షాజ్లీ ఫోన్‌ని ముద్దుపెట్టుకుని, నన్ను మెడ పట్టి దగ్గరికి లాక్కుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాడి భుజం మీదుగా తెర కనిపించింది.

రెండో ప్రాసెసర్ నూటికి నూరు దగ్గరే ఉంది.

వాళ్ళమ్మ ఫోన్ కినావీకి ఇచ్చింది. షాజ్లీ మా ఇద్దరికీ వినపడేలా పెట్టాడు. అటునుంచి షాజ్లీ గొంతే వినిపించింది, కొంచెం బరువుగా. కవలలు కదా.

"షాజ్లీ... ఆ పెట్టె ఆపెయ్."

షాజ్లీ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. నేను చెప్పలేదు.

"ఏ పెట్టె అన్నా?" అన్నాడు షాజ్లీ.

అటు ఊపిరి చప్పుడు. వెనకెక్కడో వాళ్ళమ్మ గిన్నెలు సర్దుతోంది. ఇంట్లో పిల్లులన్నీ ఎటుపోయాయో పొద్దుటినుంచి కనపడ్డం లేదని ఎవరితోనో అంటోంది.

"ఆపెయ్," అంది ఆ గొంతు, చాలా ప్రేమగా. "ఇంక దాంతో పని లేదు."

అప్పుడు... మూత తీసి ఉన్న, మా ఇద్దరి కళ్ళెదుట ఖాళీగా ఉన్న ఆ క్యాబినెట్‌లో... ఎవరో గోళ్ళతో గీకడం మొదలుపెట్టారు.