కనకవ్వ కళ్లద్దాల్లో ఎనభై ఎనిమిది

రాజమల్లు ఎంటర్ నొక్కాడు. అతని కళ్లద్దాల్లో ఎర్రగా ఉన్న అంకె ఆకుపచ్చగా మారింది. అరవై తొమ్మిదేళ్ల వయసులో, బొగ్గుబాయి వదిలాక, అది అతని మొదటి ప్రోగ్రాం.

ఆ రోజుల్లో గోదావరిఖనిలో నలభై దాటిన ప్రతి మనిషికీ, ఊపిరి జబ్బుంటే అంతకు చిన్నవాళ్లకీ ఊపిరి అద్దాలుండేవి. ఛాతీకి అంటించిన బిళ్ల ఊపిరితిత్తుల బలాన్ని నూటికి ఇంత అని కొలిచి ఆస్పత్రి సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ ఆ అంకెను ఒక పేజీగా కళ్లద్దాలకు పంపుతుంది. దాన్ని కంటిముందు గీసి చూపేది మాత్రం అద్దాల్లోని బ్రౌజర్. అంకె ముప్పైకి దిగిందంటే ఇక బతికేది రోజులే.

వీటిని కనిపెట్టిన డాక్టర్ వసుధారాణికి ఊపిరితిత్తులు తెలిసినంతగా మనుషులు తెలియరు. ముసలివాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుంటారని పేజీకి తాళం వెయ్యలేదు. పైగా ప్రతి గురువారం తానే వాళ్లకు పాఠం చెప్పేది.

"హెచ్‌టీఎంఎల్ అంటే ఇంటి గోడలు, సీఎస్‌ఎస్ వాటికేసే సున్నం, జావాస్క్రిప్ట్ ఇంట్లోకొచ్చే కరెంటు. మీరేం మార్చినా మీ అద్దాల్లోనే మారుతుంది. సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"అంటే ఎవరికీ నష్టం లేదంటరా మేడం?"

"వెంట్రుకవాసి కూడా లేదు, రాజమల్లు గారూ."

అతనికి కావలసింది ఆ మాటే. ఇంట్లో భార్య కనకవ్వ అంకె ముప్పై నాలుగు. అది చూసినప్పటి నుంచీ ఆమెకు తిండి లేదు, నిద్ర లేదు. ల్యాబ్‌లో పెంచిన కొత్త ఊపిరితిత్తులకు ఆమె వంతు రావడానికి ఇంకా రెండు నెలలుంది. అప్పటిదాకా దిగులే ఆమెను మింగేసేలా ఉంది.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు అద్దాలు తీసుకుని మూడు లైన్లు రాశాడు. సర్వర్ ఏ అంకె పంపినా సరే, చూపేది ఎనభై ఎనిమిది.

కనకవ్వ నమ్మింది. కడుపునిండా తిన్నది, వాకిట్లో కూర్చుని నలుగురితో నవ్వింది. ఆ నవ్వు చూసి ఈ పిచ్చివాడు ఎంత మురిసిపోయాడో!

వంతు రావలసిన వారం ఆపరేషన్ ఏ రోజని అడగడానికి ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ తెల్లబోయింది.

"మీ ఆవిడ వద్దన్నారు కదండీ! నా వంతు ఇంకొకరికివ్వండని అద్దాల్లోనే బటన్ నొక్కారు. పొద్దున్నే వాళ్లకు అమర్చేశాం. మళ్లీ వంతంటే మూడేళ్లు."

"నా భార్య అద్దాల్లనే మారుతదంటిరి గద మేడం!" మార్చిన సంగతంతా చెప్పేశాడు.

"అంకె అద్దాల్లోనే మారింది. ఆమె నొక్కింది మాత్రం సర్వర్‌కు చేరింది," అందామె. తన తెర అతనివైపు తిప్పింది. సర్వర్‌లో కనకవ్వ అంకె ముప్పై ఒకటి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. రాజమల్లు ఇంటికెలా చేరాడో అతనికే తెలియదు. వంతెందుకు వదులుకున్నావని భార్యను అడిగాడు.

"నాకెందుకయ్యా? ఎనభై ఎనిమిదున్నదాయె," అంది కనకవ్వ. "పక్కింటి అయిలయ్య బిడ్డకు అంకె ఇరవై ఏడట, ఇద్దరు పసిపోరగాండ్లు. మీరు బాయిల గట్లనే జేస్తుంటిరి గద, దమ్ము తక్కువున్నోన్ని ముందుగాల మీదికి తోలుడు. మంచిగ జేసిన్నా?"

"మంచిగ జేసినవ్," అన్నాడు రాజమల్లు. ఆమె ముందు ఏడవలేక పెరట్లోకి నడిచాడు.