ఎండ తగిలితే నలుపు

జీపు లైట్లు!

లసుమవ్వ కొడుకు రెక్క పట్టి పసుపు బస్తాల వెనక్కి లాగింది. చీకట్లో ఇద్దరూ ముడుచుకున్నారు.

"అవ్వా, నేను తాళం ముట్టలే! నన్నెందుకు దాస్తున్నవ్?" హన్మాండ్లు గుసగుసగా అడిగాడు.

"నీ మీద నమ్మకమే బిడ్డా. గా మందు మీదనే లేదు!"

రాత్రి ఎవరో కావలి ఎల్లయ్యను కాల్చి చంపారు. మార్కెట్ యార్డు గోదాం తాళం తీసి పసుపు దోచారు.

దొంగలను పట్టడానికి పోలీసు అమీన్ సాబ్ ఆ తాళానికి ముందే మందు పూయించాడట. నీళ్లలా ఉంటుంది. ముట్టినవాడికి తెలియనే తెలియదు. ఎండ తగిలిందో... చెయ్యి నలుపు! సబ్బుకి పోదు. చింతపండుకీ పోదు.

తెల్లారగానే యార్డులో ఉన్నవాళ్లంతా చేతులు చూపాలి. హన్మాండ్లు రాత్రంతా ఇక్కడే, అమ్మడానికి పసుపు తెచ్చిన బండి దగ్గరే ఉన్నాడు.

టార్చి వెలుగు మొహం మీద!

"గిక్కడున్నరు సాబ్!" దలాల్ గంగన్న. కుడిచేతి మీద తువ్వాల. "ఏం లసుమవ్వా, కొడుకును పొదుగుతున్నవా?"

ఇద్దరినీ యార్డు మధ్యకు లాక్కొచ్చి నిలబెట్టేసరికి గుట్ట మీంచి ఎండ దిగుతోంది.

"చేతులు సాపు!" అమీన్ గద్దించాడు.

హన్మాండ్లు చాపాడు. ఏమీ లేదు... లసుమవ్వ ఊపిరి వదిలింది.

అంతలో గోధుమరంగు మరక. చూస్తుండగానే ఊదా...

నలుపు!

"వీడే! బేడీలెయ్యి!"

"ఆగు సాబ్! జర అరచెయ్యి సూడు!" లసుమవ్వ అడ్డుపడింది.

అరచెయ్యి శుభ్రంగా ఉంది. వేళ్ల వెనకే నలుపు. తాళం తీస్తే అక్కడెలా అంటుతుంది?

లసుమవ్వకు చప్పున తట్టింది. పసుపు బేరం! పక్కవాడికి ధర తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పే బేరం!

"కొడుకా, రాత్రి నీ వేళ్లు ఎవరు పట్టిండ్రు?"

"కోడి కూసినంక... గంగన్న మామ. నాలుగు వేళ్లు పట్టిండు. చెయ్యి తడితడిగ ఉండె."

అమీన్ గిర్రున తిరిగాడు.

గంగన్న నవ్వుతున్నాడు. తువ్వాల మాత్రం తియ్యడం లేదు.

"తియ్యిరా! నీ చెయ్యి ఎండల పెట్టు!" అమీన్ అరిచాడు.

లసుమవ్వ తువ్వాల కిందికి చెయ్యి దూర్చింది.

తగిలింది వేళ్లు కాదు...

ఇనుము!

తుపాకీ గొట్టం హన్మాండ్లు గుండెకేసి లేస్తోంది. ఆమె రెండు చేతులా దాన్ని పట్టి తన కడుపులోకి లాక్కుంది.

ఢాం!