మిగిలిన గుండీలు

దగ్గరికి జరగండర్రా, ఆ గోడ వారనున్నవాళ్లు కూడా. మా పక్కవాటాలో బట్టలు కుట్టే ఒక అత్తగారూ, ఆవిడ కోడలూ ఉండేవాళ్లు. వాళ్లింట్లో జరిగిన సంగతిది.

ఆ అత్తగారి ఇంట్లో ఏదీ మిగలడానికి వీల్లేదు. గుడ్డముక్క జేబవుతుంది, జేబుకు చాలనిది దిండులోకి పోతుంది. కోడలికీ అదే అలవాటు అబ్బింది. ఆ పిల్ల రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగానికని చదువుతోంది. కెమిస్ట్రీ లెక్కల్లో ఒకసారి తప్పింది. ఈ సంగతి జరిగిన రోజే మళ్లీ పరీక్ష.

పొద్దున్నే చొక్కాలకు గుండీలు కుడుతూ లెక్క పైకి చదువుకుంటోంది. "నాలుగు గ్రాముల హైడ్రోజన్, నలభై గ్రాముల ఆక్సిజన్. ఎంత నీరు వస్తుంది? నలభై నాలుగు గ్రాములు." పుస్తకం వెనక చూస్తే ముప్ఫై ఆరని ఉంది.

"మళ్లీ తప్పేనా?" అత్తగారు మిషన్ ఆపింది. "బూడిదలో పోసిన పన్నీరని అందరూ అంటూనే ఉన్నారు. ఈసారీ పోతే పుస్తకాలు అటకెక్కించి మిషన్ ముందు కూర్చో."

"కూర్చోను అత్తయ్యా! గుడ్డ పీలిక కూడా వదలరు మీరు. నన్ను మాత్రం చదువు సగంలో వదిలేయమంటారా?"

ఆవిడ మొహం మాడ్చుకుని మిషన్ తొక్కింది. కాసేపటికి కత్తెర పక్కన పడేసి, "గుడ్డ అయిపోయింది. ఇక చొక్కా లేదు. ఆ గుండీలు డబ్బాలో వెయ్యి" అంది.

"ఇన్ని మిగిలాయే! దేనికైనా కుట్టేద్దామా?"

"గుడ్డ లేకుండా దేనికి కుడతావే, నా నెత్తికా?"

కోడలి చేతిలో సూది ఆగిపోయింది.

"అత్తయ్యా! హైడ్రోజనే గుడ్డ, ఆక్సిజన్ గుండీలు! అది అయిపోతే నీరు తయారవడమూ ఆగిపోతుంది. నాలుగు గ్రాములకు ముప్ఫై రెండు గ్రాముల ఆక్సిజనే పడుతుంది. మిగతా ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ ఊరికే ఉంటుంది. నేనేమో దాన్నీ నీళ్లలో కలిపేస్తున్నా!"

ఆవిడకేం అర్థం కాలేదు. కానీ కోడలి మొహం చూసి, "మిగిలితే మిగలనీవే!" అనేసింది. ఆ నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు.

సాయంత్రం కోడలు పరీక్ష రాసి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విప్పనివ్వకుండా అడిగింది. "మిగిలిందా?"

"మిగిలింది అత్తయ్యా! అలాంటి లెక్కే ఇచ్చారు. మిగిలిందంతా అలాగే వదిలేశా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మిషన్‌కు నేనొక్కదాన్ని చాల్లే. నీ చదువు సగంలో వదలకు" అంది. ఆ పిల్ల గట్టెక్కింది కూడా.

గుర్తుపెట్టుకోండర్రా. మీ ఇంట్లో ఎవరైనా లెక్క తేలక ఏడుస్తుంటే, పక్కన కూర్చుని ఈ గుండీల సంగతి నా మాటగా చెప్పండి.