గడ్డి బాబాయ్ తల

డీలియాను నేను మొదటిసారి కలిసినప్పుడు నా చేతిలో వాళ్ళ నాన్న తల ఉంది.

అలా అంటే మీరు జడుసుకుంటారని తెలుసు. నేనూ జడుసుకున్నాను. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో అద్దెకు దిగి అప్పటికి రెండు రోజులే అయింది. పక్కింటి వరండాలో నీలం ఓవరాల్స్ వేసుకున్న పెద్దాయన ఒకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొదటి రోజు పొద్దున్నే "నమస్కారమండీ" అన్నాను, పలకలేదు. సాయంత్రం అన్నాను, పలకలేదు. చెవుడేమోలే అనుకున్నాను. రెండో రోజు వానజల్లు మొహం మీద పడుతున్నా కదలకపోయేసరికి పరుగున మెట్లెక్కి, "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంటూ భుజం పట్టుకుని కుదిపాను.

తల ఊడి నా చేతుల్లోకి వచ్చింది.

నేను పెట్టిన కేకకు వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. తలుపు తెరుచుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది. జుట్టంతా దారప్పోగులు, చేతిలో వేడి జిగురు పోసే గ్లూ గన్.

"మా నాన్న తలతో మీకేం పని?"

"మీ... మీ నాన్నగారా?"

"బట్టలు నాన్నవి. లోపలంతా గడ్డి. తల గోనెసంచి. హాలోవీన్ బొమ్మనెప్పుడూ చూళ్ళేదా మీరు? ఇటివ్వండి, ముక్కు నలిపేశారు."

"నిన్నట్నుంచీ పలకరిస్తున్నానండీ. నామీద కోపమేమో అనుకున్నాను."

ఆ అమ్మాయి పెదవి బిగించింది. కాసేపే ఆపుకోగలిగింది. గ్లూ గన్ కింద పెట్టేసి, పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. చేతిలో ఉన్నది కింద పెట్టి నవ్వే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. వానలో తడుస్తూ, గోనెసంచి తల పట్టుకుని, నేనక్కడే పడిపోయాను. మెట్ల మీంచి కాదు లెండి.

"నా పేరు వెండెల్. పక్కింట్లో దిగాను. డెంటిస్టు దగ్గర అసిస్టెంటుని."

"అయ్యో దేవుడా! హాలోవీన్ రాత్రి వేషాలేసుకుని ఇంటింటికీ వచ్చే పిల్లలకి చాక్లెట్లు మాని టూత్‌బ్రష్‌లు పంచే రకమా?"

"ఛ ఛ!" అన్నాను. అప్పటికే రెండొందల టూత్‌బ్రష్‌లు కొని ఇంట్లో పెట్టుకున్న సంగతి చెప్పలేదు.

తల పీకిన నేరానికి మర్నాటి నుంచి నాకు శిక్ష పడింది. క్లినిక్ నుంచి రాగానే డీలియా ఇంట్లో హాజరు. హాలోవీన్‌కి ఇల్లంతా దయ్యాలకొంప చెయ్యాలి, ఒక్కో గదికి ఒక్కో వేషం. వంటగది మంత్రగత్తెది. సీసాల నిండా తొక్క తీసిన ద్రాక్షపళ్ళు, పైన 'కప్ప కళ్ళు' అని చీటీలు. మెట్ల కింద గుడ్ల అట్టలు కత్తిరించి చేసిన గబ్బిలాల గుహ. భోజనాల గదిలో దయ్యాల విందు. బాత్రూమ్ నాకప్పగించింది. మా డాక్టరుగారిని అడిగి పాత దంతాల అచ్చులు తెచ్చి 'దయ్యాల దంతవైద్యశాల' పెట్టాను.

"పిల్లల సంగతేమో గానీ, పెద్దవాళ్ళు పారిపోతారు," అని డీలియా మెచ్చుకుంది.

ఓ సాయంత్రం నల్ల తెరలు దులుపుతూ ఆ అమ్మాయే చెప్పింది.

"ఇవన్నీ అమ్మ కుట్టింది. ఇరవై ఏళ్ళు చేశారు ఇద్దరూ. గదులు అమ్మవి, వరండా నాన్నది. ఆ ఓవరాల్స్ వేసుకుని, గోనెసంచి తొడుక్కుని, ఒళ్ళో చాక్లెట్ల గిన్నెతో కదలకుండా కూర్చునేవాడు. పిల్లలు బొమ్మే కదా అని రెండో చాక్లెట్ మీద చెయ్యేస్తే, చటుక్కున మణికట్టు పట్టుకుని 'ఒక్కటే!' అనేవాడు. ఊరంతా గడ్డి బాబాయ్ అని పిలిచేది."

"ఇప్పుడు కూర్చోరా?"

"అమ్మ పోయి రెండేళ్ళు. రెండు హాలోవీన్లకీ వరండా లైటు వెయ్యలేదు. లైటు లేని ఇంటి మెట్లు పిల్లలెక్కరు కదా. నాన్న పనికెళ్తాడు, వస్తాడు, గ్యారేజీలో రేడియో పెట్టుకుంటాడు." తెర మడత పెట్టి పక్కన పెట్టింది. "ఈసారీ కూర్చోకపోతే ఇంకెప్పుడూ కూర్చోడు, వెండెల్. అందుకే ఇదంతా."

నేను సమయం సందర్భం తెలియని మనిషిని. అప్పుడే అడిగాను. "శనివారం నాతో సినిమాకొస్తావా?"

డీలియా నావంక చూసింది. కోపం లేదు గానీ నవ్వూ లేదు.

"నాన్న ఆ కుర్చీలో కూర్చునేదాకా నన్నేమీ అడక్కు. నేను సగమే ఇక్కడున్నాను. సగం మనిషితో సినిమాకేం వెళ్తావు?"

అడగనని మాటిచ్చాను. మాట ఇవ్వడం తేలికే, రోజూ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని గబ్బిలాలు కత్తిరించడమే కష్టం.

అసలు చిక్కు దయ్యాలతో వచ్చింది. పల్చటి గుడ్డను గంజిలో ముంచి, సీసా మీద బెలూన్ పెట్టి, దానిమీద ఆరేస్తే గుడ్డ బిగుసుకుంటుంది. అప్పుడు సీసా, బెలూన్ తీసేస్తే లోపలేమీ లేని దయ్యం తనంతట తాను నిలబడాలి. మావి నిలబడలేదు. నాలుగూ మూర్ఛ వచ్చినట్టు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

డీలియా వాళ్ళ నాన్న లోవెల్ గారు కాఫీ కప్పుతో అటుగా వెళ్తూ ఆగారు. మనిషి పొడుగు, మాట పొట్టి.

"గంజి పల్చనైంది," అని గ్యారేజీలోకి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి నాలుగు దయ్యాలూ బల్ల చుట్టూ నిటారుగా నిలబడి ఉన్నాయి. గంజి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"నువ్వు చేశావా?" అంది డీలియా.

"నువ్వనుకున్నానే!"

ఇద్దరం గ్యారేజీ తలుపువైపు చూశాం. ఆమె కళ్ళు మెరిశాయి. ఒక్క పరుగున వెళ్ళి తలుపు తోసింది.

"నాన్నా, సోమవారం హాలోవీన్‌కి కూర్చుంటావా?"

రేడియో చప్పుడు కాస్త తగ్గింది. "గడ్డివాడున్నాడుగా. బాగానే కూర్చుంటున్నాడు," అన్నారాయన. రేడియో మళ్ళీ పెరిగింది.

డీలియా తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. ఓదార్చాలని, "పోనీలే, బలవంతం చెయ్యకు," అన్నాను.

"నీకేం, చెప్తావు! నువ్వు ఫోన్ చేస్తే మీ అమ్మ ఎత్తుతుంది."

ఇంటికొచ్చేశాను. రాత్రంతా నాకు నేనే తిట్లు. పొద్దున తలుపు తీస్తే డీలియా గుమ్మంలో ఉంది.

"నిన్న తొందరపడి అనేశాను. తప్పు నాదే," అంటూ లోపలికొచ్చి, ఠక్కున ఆగిపోయింది. "వెండెల్... ఈ పెట్టె నిండా ఏంటి?"

"అవా... టూత్‌బ్రష్‌లు. రెండొందలు."

"రెండొందలా! ఇవి పంచితే పిల్లలు నీ ఇంటిమీద కోడిగుడ్ల వాన కురిపిస్తారు, తెలుసా?"

మళ్ళీ నవ్వింది. చేతిలో తాళాలు కింద పెట్టి మరీ నవ్వింది. టూత్‌బ్రష్‌లన్నీ దంతవైద్యశాలలో అస్థిపంజరానికి పక్కటెముకలయ్యాయి.

సోమవారం రానే వచ్చింది. పిల్లలు ఆరింటికి బయల్దేరతారు. ఐదుమ్ముప్పావుకి నేను చాక్లెట్ల గిన్నెతో పెరటి దారిన వస్తుంటే, గ్యారేజీ పక్కన గడ్డి కుప్పగా పడి ఉంది. డీలియా మిగిలిన గడ్డి పారేసిందనుకున్నాను. ఆమె లోపల ఊడిన గబ్బిలాలు అంటిస్తూ, కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయల్లో దీపాలు వెలిగిస్తోంది. వరండా లైటు ఇంకా వెయ్యలేదు. గడ్డి బాబాయ్ ఎప్పటిలాగే కుర్చీలో ఉన్నాడు.

గిన్నె ఆయన ఒళ్ళో పెట్టాను. ఎవరూ లేరు కదా అని ఎదుటి మెట్టుమీద కూర్చున్నాను.

"గడ్డి బాబాయ్, మీతో ఓ మాట. ఎలాగూ ఎవరికీ చెప్పరుగా. డీలియా అంటే నాకు ప్రాణం. రేపు దయ్యాలన్నీ పెట్టెల్లోకెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఏ సాకుతో ఈ మెట్లెక్కను? అడుగుదామంటే, వాళ్ళ నాన్న కూర్చునేదాకా అడగనని మాటిచ్చాను. ఆయన మీద కోపమూ రావట్లేదు నాకు. ఆవిడ కుట్టిన తెరలు దులుపుతుంటే పరాయివాణ్ణి, నాకే వాటిని మడత పెట్టబుద్ధి కాలేదు. ఆయనకెలా ఉంటుందో!"

గడ్డి బాబాయ్ తల కాస్త పక్కకు వాలింది. నాకు మొదటి రోజు గుర్తొచ్చింది. లేచి, రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకున్నాను.

"మళ్ళీ ఊడకు బాబాయ్, నీకు పుణ్యముంటుంది."

తల వెచ్చగా ఉంది.

"మెడ విరుస్తావా ఏంటబ్బాయ్?" అంది గోనెసంచి.

నా కేకకు వీధిలో కుక్కలన్నీ మళ్ళీ మొరిగాయి. డీలియా గ్లూ గన్‌తో పరిగెత్తుకొచ్చింది.

"మళ్ళీ తల పీకావా!"

"ఈసారి ఊడట్లేదు!"

ఆమె కుర్చీవంక చూసింది. ఓవరాల్స్ కింద ఛాతీ పైకీ కిందకీ కదులుతోంది.

"నాన్నా?"

"గడ్డి బాబాయ్ మాట్లాడడు. ఆరవుతోంది, లైటెయ్యి."

డీలియా మోకాళ్ళమీద కూర్చుని ఆయన భుజంమీద తల పెట్టింది. నేను చూపు తిప్పుకుని చెట్లవైపు చూశాను. నా కళ్ళూ సరిగ్గా లేవు మరి.

"లే తల్లీ, గడ్డి గుచ్చుకుంటుంది."

"గడ్డి లేదుగా నాన్నా!"

సంచి లోపల ఆయన గొంతు సవరించుకున్నారు. "గంజి అంత పల్చగా పెడితే మీ అమ్మ ఊరుకునేదా? చిక్కగా మళ్ళీ కాచాను. మీ అమ్మ ఉన్నప్పటి ఆ వాసన వంటింట్లోంచి గ్యారేజీదాకా వచ్చింది. ఎంత పెంచినా ఇక ఆ రేడియో వినలేకపోయాను." నావైపు తల తిప్పి అన్నారు, "ఈ అబ్బాయి నాకేవేవో చెప్పాడు. అవి నీకు చెప్పాల్సినవి. నాకెందుకు, గడ్డివాణ్ణి!"

డీలియా కళ్ళు తుడుచుకుని లేచింది. వీధి మొదట్లో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఏం చెప్పావు?"

"అదీ... అంటే..."

"త్వరగా చెప్పు, పిల్లలొచ్చేస్తున్నారు."

"ప్రేమిస్తున్నానని."

"ఎవర్ని? గడ్డినా, నన్నా?"

"నిన్నే!"

"తెలుసులే. నువ్వు కత్తిరించిన గబ్బిలాల్లో సగానికి ఒక్క రెక్కే ఉంది. నన్ను చూస్తూ కత్తిరిస్తే అంతేగా మరి!"

"మరి నువ్వు?"

ఆమె గ్లూ గన్ కింద పెట్టింది. ఈసారి నవ్వడానికి కాదు, నా చెయ్యి పట్టుకోవడానికి. రెండో చేత్తో గోడమీద స్విచ్ వేసింది. రెండేళ్ళుగా చీకట్లో ఉన్న వరండా వెలిగింది. వీధిలో ఎవరో పిల్లవాడు, "ఒరేయ్, గడ్డి బాబాయ్ ఇంట్లో లైటేశారు!" అని అరిచాడు.

పిల్లలు వచ్చేలోపు మా ఇద్దరికీ రెండు చాక్లెట్లు తీసుకుందామని గిన్నెలో చెయ్యి పెట్టాను. చటుక్కున నా మణికట్టు పట్టుబడింది.

"ఒక్కటే!"

"మేమిద్దరం ఉన్నామండీ!"

"అందుకే అంటున్నాను," అన్నారు గోనెసంచి లోంచి లోవెల్ గారు. "ఇద్దరికీ కలిపి ఒక్కటే. చెరి సగం తినండి."