నాన్నగారి పన్నులు, నా ఇల్లరికం

కుర్చీ మాట్లాడింది.

సన్నగా వాన పడుతోంది. నేను వడ్రంగిని. బాగుచేసిన కుర్చీ ఒకటి సామాన్ల సైకిల్ పెట్టెలో పెట్టి, పైన రెయిన్ కవర్ కప్పి, షాపుకి తాళం వేసొచ్చి తొక్కడం మొదలుపెట్టాను. రెండు వీధులు దాటానో లేదో, కవర్ కింద నుంచి ఓ గొంతు.

"ఏమే, ఇవాళ ఇంత నీరసంగా తొక్కుతున్నావు? అన్నం తినలేదా?"

బ్రేక్ వేశాను. కవర్ ఎత్తి చూస్తే కుర్చీ లేదు. ఒళ్ళో సంచీ పెట్టుకుని ఓ పెద్దావిడ కూర్చుని ఉంది.

"నువ్వెవరు నాయనా?"

"వడ్రంగినండీ. మరి... నా కుర్చీ?"

మా షాపున్న బిల్డింగ్ సంగతి ఇక్కడ చెప్పాలి. ట్రామ్ స్టాప్ పక్కనే తక్కువ సంపాదన ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వం డబ్బు పెట్టి కట్టించిన చవక అద్దె ఇళ్ళు అవి. షరతు ఒక్కటే. కార్లకీ బైకులకీ జాగా ఉండదు. ట్రామ్ ఎక్కాలి, లేదా నడవాలి. బరువులుంటే అందరికీ కలిపి రెండు బ్యాటరీ సైకిళ్ళు ఇచ్చారు, ముందు మనిషి పట్టేంత పెట్టెతో. రెండూ ఒకే రంగు, ఒకే కవర్. వాన హడావిడిలో నేను ఎక్కింది పక్కది.

అప్పుడే వెనక నుంచి బెల్లు మోగిస్తూ రెండో సైకిల్ దూసుకొచ్చింది. పెట్టెలో నా కుర్చీ కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది. తొక్కుతున్న అమ్మాయి తడిసి ముద్దయింది. కళ్ళజోడు మీద వాన చుక్కలు. ఆ చుక్కల వెనక నుంచి నన్ను చూసిన చూపుకి చెక్క అయితే కాలిపోయేది.

"ఇంటికి తాళం వేసొచ్చేలోగా మా అమ్మమ్మని ఎత్తుకెళ్తారా? పోలీసుల్ని పిలవనా?"

"అయ్యో, పొరపాటండీ! నా కుర్చీ అనుకున్నా."

"మా అమ్మమ్మ మీకు కుర్చీలా కనిపించిందా?"

"కవర్ కప్పితే అందరూ ఒకేలా ఉంటారండీ..."

అనేసి నాలిక్కరుచుకున్నాను. పెద్దావిడ పకపకా నవ్వింది.

"ఊరుకోవే. ఈ అబ్బాయి నీకంటే నయం, గుంతలు తప్పించి తొక్కుతున్నాడు. మోకాళ్ళ డాక్టరు దాకా ఇతన్నే రానీ."

అలా ఆ అమ్మమ్మ పుణ్యమా అని వారం వారం డాక్టరు దగ్గరికి డ్రైవర్నయ్యాను. అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. నేను తనని 'కళ్ళజోడు' అంటాను, తను నన్ను 'కుర్చీ' అంటుంది. సాయంత్రం ఆరున్నర ట్రామ్ దిగి మా షాపు ముందు నుంచే వెళ్తుంది. ఆ టైముకి నాకు గుమ్మం దగ్గర ఎక్కడ లేని పనీ ఉండేది.

"కుర్చీగారూ, ఆ గుమ్మానికి ఇంకెన్నాళ్ళు పాలిష్ పెడతారు?"

"మీరు ఆగి చూసేదాకా."

"ఆగాను కదా, చూపించండి."

చూపించడానికి ఏముంది, నా మొహం తప్ప? చెప్పేశాను. మాటలు తడబడ్డాయి గానీ విషయం మాత్రం సూటిగానే చెప్పాను. తను నవ్వలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మీరంటే నాకూ ఇష్టమే. కానీ ఈ ఇల్లు వదిలి రాను. ఇంతకుముందు ఊరి చివర ఉండేవాళ్ళం. అక్కడి అద్దె మాత్రమే కట్టగలిగేదాన్ని. చీకటితో బయల్దేరితే ఇల్లు చేరేసరికి అమ్మమ్మ నిద్రపోయేది. ఒకే ఇంట్లో ఉంటూ ఆదివారాలే మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడికొచ్చాక రోజూ కలిసి అన్నం తింటున్నాం. నాకున్నది ఆవిడొక్కతే. ఆవిణ్ణి మళ్ళీ ఒంటరిగా వదల్లేను."

మా ఇల్లున్నదీ ఆ ఊరి చివరే. బస్సు కూడా రాదు.

"అయితే నేనే వస్తా."

"ఇల్లరికమా?"

"నా సంపాదన చూస్తే ఈ ఇంటికి అర్హత లేదనేవాడు ఉండడు."

"మీ నాన్నగారు?"

అదీ అసలు చిక్కు. మా నాన్నకి హార్డ్‌వేర్ షాపు. పన్ను కట్టిన రోజు అన్నం సరిగ్గా తినడు. ట్రామ్ లైన్ పడ్డప్పుడు, ఆ ఇళ్ళు లేచినప్పుడు ఆయన అన్నది ఒకటే: "నా చెమట డబ్బు, ఊళ్ళో వాళ్ళకి మేడలు!" విషయం చెప్పగానే అంతెత్తున లేచాడు.

"నా డబ్బుతో ఇల్లూ కట్టించుకుని, నా కొడుకునీ పట్టుకుపోతారా?"

అమ్మ మూడు రోజులు నచ్చజెప్పాక, చూసి వద్దనడానికైనా ఒకసారి వస్తానన్నాడు. అమ్మానాన్నలు కాదంటే కళ్ళజోడు నన్ను చేసుకోదని నాకు తెలుసు. ఒక తల్లికి కొడుకుని దూరం చేసి ఇల్లు నిలబెట్టుకునే మనిషి కాదు.

కారులోనే వచ్చాడు. పెట్టడానికి చోటు దొరక్క ఎక్కడో వదిలేసి, అమ్మతో ట్రామెక్కి, మొహం గంటు పెట్టుకుని దిగాడు. ఆ చిన్న హాల్లో కూర్చున్నాడు. గోడలూ, కిటికీలూ ధర కట్టేవాడిలా చూశాడు.

"ఇదంతా ఎవరి డబ్బో తెలుసా అమ్మాయ్?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"తెలుసు మావయ్యగారూ," అంది తను. "మీలాంటివాళ్ళది. వచ్చిన రోజు నుంచీ ఎవరికైనా థాంక్స్ చెప్పాలనుంది. ఈ ఇళ్ళ ఆఫీసులో చెబితే, 'ఇది మా డబ్బు కాదమ్మా' అన్నారు. పన్ను కట్టినవాళ్ళు ఎవరో, ఎక్కడుంటారో తెలీదు. ఇన్నాళ్ళకి మీరు కనబడ్డారు. మీ వల్ల నేను రోజూ మా అమ్మమ్మతో అన్నం తింటున్నాను."

చెప్పి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. అమ్మమ్మ కూడా లేవబోతే నాన్నే కంగారుగా పట్టుకుని కూర్చోబెట్టాడు.

నాన్న ఇన్నేళ్ళుగా పన్ను కట్టాడు. రసీదు ఇచ్చినవాళ్ళే గానీ, థాంక్స్ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన కిటికీలోంచి ట్రామ్ వెళ్ళేదాకా చూశాడు. అమ్మ వైపు చూస్తే, ఆవిడ కళ్ళతోనే ఊ అంది.

అప్పుడు అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుని అన్నాడు.

"ఒక్కగానొక్క బిడ్డండీ. గారాబంగా పెంచాం. తెలిసీ తెలియక ఏదైనా చేస్తే కడుపులో పెట్టుకోండి."

"అది ఆడపెళ్ళివారనే మాటండీ!" అంది అమ్మ, నవ్వు ఆపుకోలేక.

"పంపేది మనమేగా," అన్నాడు నాన్న, కళ్ళు తుడుచుకుంటూ.