తడితే వదలాలి

భిలాయిలో, రుఆబాంధా కాలనీలో ఆ హాలు ఒకప్పుడు పెళ్ళి భోజనాల కోసం కట్టింది. పెళ్ళిళ్ళన్నీ ఏసీ హాళ్ళకి తరలిపోయాక, ఇక్కడ జూడో మిగిలింది. సాయంత్రం ఆరయ్యేసరికి నీలం మ్యాట్లు పరిచేవారు. రబ్బరు వాసన, చెమట వాసన, వాటి అడుగున ఎక్కడో ఏనాటిదో సాంబారు వాసన. తిరుమలరావు మాస్టారు ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, కాలనీ పిల్లలకి పడటం నేర్పుతున్నాడు. అవును, పడటమే. ఎవరినో కొట్టేద్దామని ఉబలాటపడుతూ వచ్చినవాళ్ళకి మొదటి నెలంతా కింద పడటంతోనే సరిపోతుంది.

ఆ తర్వాతి పాఠం తట్టడం. పట్టులో ఊపిరాడకపోతే మ్యాట్ మీదో, అవతలివాళ్ళ ఒంటి మీదో చేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టిన మరుక్షణం అవతలివాళ్ళు వదిలేయాలి. గెలవబోతున్నా సరే, సరదాకి పట్టినా సరే. "పట్లు ఎన్నేనా మర్చిపోండి. ఇదొక్కటీ మర్చిపోతే మాత్రం మనుషులు కారు," అనేవాడు మాస్టారు.

మేఘనకి వచ్చిన చిక్కంతా అక్కడే.

పోయిన వానాకాలం భిలాయి-3 రైల్వే స్టేషన్ బయట ఎవడో వెనకనుంచి ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి చీకట్లోకి లాగాడు. ఎవరో కేకేస్తే వదిలి పారిపోయాడు. వాడి మొహం ఆమె చూడనే లేదు. వాడు పోయాడు గానీ ఆ చెయ్యి మాత్రం మెడ మీదే ఉండిపోయింది. కాలేజీలో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా అది ఉండేది. దాన్ని వదిలించుకుందామనే ఈ హాల్లో చేరింది. ఒంటరిగా రావడానికి ధైర్యం చాలక చెల్లెలు అమ్ముని కూడా లాక్కొచ్చింది. అమ్ము పదకొండో క్లాసు. అక్క రమ్మంటే ఎందుకని అడగని పిల్ల.

పట్టడం మేఘనకి తొందరగానే వచ్చింది. వదలడమే రాలేదు. భయపడితే అందరికీ చేతులు వణుకుతాయి, ఆమెకి వేళ్ళు బిగుసుకుపోతాయి. ఆ సాయంత్రం అమ్ము వెనక కూర్చుని, జూడో కోటు కాలర్లు రెండూ పట్టి గొంతు మీదికి బిగించింది. అమ్ము తట్టింది. తట్టినట్టు మేఘనకి తెలిసింది. తెలిసి కూడా వేళ్ళు విడలేదు. మాస్టారు పరిగెత్తుకొచ్చి విడదీసేసరికి పిల్ల మొహం కందిపోయి ఉంది.

"ఏటమ్మా ఇది? తట్టింది కదా!"

"సారీ మాస్టారూ... చెయ్యి రాలేదు."

"రేపు ఇదే పట్టు మీ చెల్లికే మళ్ళీ పట్టిస్తాను. తట్టగానే వదిలితే ఉంటావు, లేపోతే ఇంటికెల్లిపో. ఇంకోసారి అలాటిది సూడ్డానికి నా వల్ల కాదు."

ఇంకోసారి అన్న మాట మేఘన చెవిన పడింది గానీ, అడగడానికి మొహం చెల్లలేదు.

అమ్ము మెడ రుద్దుకుంటూ నవ్వేసింది. "కోయీ బాత్ నహీ దీదీ, ఏం కాలేదులే. రేపు నేను తడతాను, నువ్వు వదిలీ. బస్, అంతే." సైకిలెక్కి ఇంటికెళ్ళిపోయింది. ఆ నవ్వు చూసి మేఘనకి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

పిల్లలందరూ వెళ్ళాక మాస్టారు మూలనున్న బొమ్మని మ్యాట్ మీదికి ఈడ్చుకొచ్చాడు. గోనెగుడ్డతో కుట్టిన నిలువెత్తు బొమ్మ. లోపల ఉన్నది దూది కాదు, పాత జూడో కోట్లు. పొట్టైపోయిన కోటుని ఈ హాల్లో ఎవరూ పారేయరు, ఇంట్లో తుడుపుగుడ్డా చేయరు. ఏటా విశ్వకర్మ పూజనాడు బొమ్మ కుట్టు విప్పి లోపల కూరతారు. దానికి తలా మొండెమూ ఉన్నాయి, చేతులు లేవు. పైన తొడిగిన కోటుకి ఖాళీ చొక్కాచేతులు వేలాడుతుంటాయి. ముట్టుకునే ముందు దానికీ మనిషికి పెట్టినట్టే వంగి నమస్కారం పెట్టాలని మాస్టారి నియమం. పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

"నేను గేటు కాడ టీ తాగొస్తాను. దీన్ని పట్టు, వదులు. మళ్ళీ పట్టు, వదులు. పట్టడం కాదమ్మా, వదలడం నేర్చుకో."

మేఘన నమస్కారం పెట్టి, బొమ్మ వెనక కూర్చుంది. దాని తల తన గడ్డం కిందికి వచ్చింది. కాలర్లు పట్టింది, వదిలింది. పట్టింది, వదిలింది. గోనెసంచిని వదలడానికి ఏం కష్టం? చేతులు హాయిగా ఆడుతున్నాయి. తనమీద తనకే కాస్త నమ్మకం కుదిరింది. మళ్ళీ పట్టి బిగించింది.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు నెమ్మదిగా ఆగిపోయాయి. దూరంగా ప్లాంటు హోరు, ఎప్పుడూ ఉండేదే, ఇప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డట్టుంది. మాస్టారు వచ్చేస్తారులే అనుకుని మేఘన అలాగే కూర్చుంది. గోనె వాసన ముక్కుకి తగులుతోంది. కాసేపటికి అందులో ఇంకో వాసన కలిసింది. కొబ్బరినూనె. అప్పుడే జడ వేసుకున్న తల వాసన... తన గడ్డం కిందనుంచి.

ఆమె ముంజేతి మీద ఎవరో తట్టారు.

రెండుసార్లు. మెత్తగా. అరచెయ్యి, అయిదు వేళ్ళు, అన్నీ తెలిశాయి.

మేఘనకి పై ప్రాణాలు పైనే పోయాయి. వదలాలి. అంతే కదా, వదిలేయాలి... వేళ్ళు బిగుసుకుపోయాయి. మెడ చుట్టూ ఆ స్టేషన్ దగ్గరి చెయ్యి మళ్ళీ వచ్చి పడింది. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది.

మళ్ళీ తట్టింది. రెండు. వెంటనే ఇంకో రెండు. ఈసారి తొందరగా, బతిమాలుతున్నట్టు. కాలర్ల మధ్య ఏదో కదిలింది. గోనె కాదు... గుటక వేయబోయి వేయలేని గొంతు.

"వదుల్తున్నా... వదుల్తున్నా..." అని మేఘన గొణిగింది. వదల్లేదు.

ప్లాంటులో కరిగిన ఇనప మడ్డి, స్లాగ్, పారబోసినట్టున్నారు, ఆకాశం ఎర్రబడింది. కిటికీలోంచి ఆ వెలుగు మ్యాట్ మీదికి పాకింది. బొమ్మ కోటు చొక్కాచెయ్యి ఒకటి నిండుగా ఉంది. భుజం నుంచి చివరిదాకా నిండుగా. అది పైకి లేచింది... ఒక్కసారి తట్టింది... మ్యాట్ మీదికి జారిపోయింది. వెలుగు పోయింది.

ఆ తర్వాత ఇంకేం తట్టలేదు. అప్పుడు విడ్డాయి మేఘన వేళ్ళు.

కరెంటు వచ్చేసరికి ఆమె గోడకి ఆనుకుని ఉంది. బొమ్మ బోర్లా పడి ఉంది, చొక్కాచేతులు రెండూ ఖాళీగా. గుమ్మంలో మాస్టారు. ఆయన ముందు బొమ్మని చూశాడు, తర్వాత ఆమె మొహం చూశాడు. పక్కకొచ్చి కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

"తట్టిందా?"

మేఘన తలూపింది.

"వదిలీసేవా?"

లేదంటే రేపటినుంచి రావద్దంటాడు. ఇక ఆ చెయ్యి జన్మంతా తన మెడ మీదే ఉండిపోతుంది. ఆమె ఆలోచించింది అదొక్కటే.

"వదిలీసేను."

మాస్టారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "శానా ఏళ్ళ కిందటమ్మా. నా దగ్గర ఇద్దరు నేస్తాలు నేర్చుకునీవోరు. ఇలాగే కరెంటు పోయింది. ఒకమ్మి తడతంది, రెండో అమ్మి ఆటనుకుంది. నేను వచ్చేసరికి..." ఆయన బొమ్మ వైపు తిరిగాడు. "ఆ పోయిన పిల్ల తల్లి దాని కోటు తెచ్చి నా చేతికిచ్చింది. బొమ్మలో ఎట్టండి మాస్టారూ, ఇక్కడ తడితే ఎవులేనా వదుల్తారు అంది. అప్పుడప్పుడు తడతాది. వదిలీసినోళ్ళని ఏటీ సెయ్యదు."

"వదలకపోతే?" మేఘన అడిగింది.

"వదలకుండా ఎవులుంటారమ్మా? ఆ భయానికి ఎవులి సెయ్యేనా ఇట్టే విడిపోద్ది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ రాత్రి అమ్ము పక్కన పడుకుని, నిద్రపోతున్న పిల్ల మెడ మీది ఎర్రటి గీత చూస్తూ, రేపు వదుల్తాను, రేపు తప్పకుండా వదుల్తాను అనుకుంటూనే ఉంది.

మర్నాడు సాయంత్రం పిల్లలందరూ గోడవారగా కూర్చున్నారు. బొమ్మ మూలన దాని చోట్లో అది ఉంది. అక్కచెల్లెళ్ళు ఎదురెదురుగా వంగి నమస్కారం పెట్టుకున్నారు. అమ్ము వెనక్కి తిరిగి కూర్చుంటూ కన్నుగీటింది.

"పట్టు," అన్నాడు మాస్టారు.

మేఘన కాలర్లు పట్టి బిగించింది. అమ్ము తట్టింది, రెండుసార్లు. మేఘన వేళ్ళు విడిపోయాయి. ఎంత సులువుగా విడిపోయాయో! ఒళ్ళంతా తేలికైపోయింది. రెండు చేతులూ పైకెత్తింది. నవ్వొచ్చింది ఆమెకి, ఎన్నాళ్ళకో.

"మాస్టారూ, చూశారా!"

మాస్టారు ఆమెని చూడటం లేదు. "వదులమ్మా!" అని అరిచాడు.

"వదిలీసేను! ఇదిగో చేతులు..."

అమ్ము తడుతూనే ఉంది. కాలర్లు జారలేదు. ఎవరో పిడికిళ్ళతో పట్టినట్టు ముడతలు పడి, గొంతు మీదికి ఇంకా దగ్గరవుతున్నాయి. మాస్టారు రెండు చేతులా లాగాడు, రాలేదు. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. కొబ్బరినూనె వాసన వచ్చింది.

మేఘన చెల్లెలి మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. అక్కడ ఏమీ కనబడటం లేదు. కానీ అరచేతికి తగిలింది... ముతక గుడ్డ కింద ఒక సన్నటి ముంజెయ్యి. చల్లగా.

ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తట్టింది. రెండుసార్లు. మళ్ళీ రెండు.

అమ్ము చెయ్యి మ్యాట్ మీదికి జారుతోంది. మేఘన తడుతూనే ఉంది. నిన్న చీకట్లో తను ఎలా విందో, అదీ అలాగే వింటోంది.